మందు అనే మాట మంజీర దాటిన వైనం

2005 జూన్‌లో మా దినపత్రిక యాజమాన్యం నన్ను కరీంనగర్ డెస్కు నుంచి నిజామాబాద్‌కు స్టాఫ్ రిపోర్టర్‌గా బదిలీ చేసింది. బోధన్ రెవెన్యూ డివిజన్ నా బాధ్యత. బోధన్ పట్టణం, కోటగిరి, వర్ని, రెంజల్ మండలాలు, వాటి మధ్య చెరుకు, వరి, నిజాంసాగర్ కాలువలు, ఆ కాలువల మీద తగాదాలు అన్నీ నా కిందికి వచ్చేవి.

స్టాఫ్ రిపోర్టర్ అంటే జీతం మీద పనిచేసే విలేకరి. మండలాల్లో వార్తలు పంపేవారిని కంట్రిబ్యూటర్లు అంటారు. వారికి జీతం ఉండదు. చాలామంది బడిపంతుళ్లో, చిన్న దుకాణం నడుపుకునేవారో. ఇంటర్నెట్ అన్ని మండలాలకూ చేరని రోజులవి. కొందరు వార్తను తెల్లకాగితం మీద రాసి, కవరులో పెట్టి, బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవారు. నిజామాబాద్ బస్టాండులో మా ఆఫీసు మనిషి ఆ కవర్లు అందుకునేవాడు. వాటిని నేను చూసి, నిజమో కాదో ఫోనులో కనుక్కుని, అధికారి వివరణ లేకపోతే దాన్ని తీసుకుని, భాష దిద్ది డెస్కుకు ఇచ్చేవాణ్ని. రెండో పక్షం మాట లేని వార్త వార్త కాదని మాకు మొదటిరోజే నేర్పారు.

భాష దిద్దడం నా ప్రత్యేకత. కరీంనగర్ డెస్కులో అందరికంటే నా కాపీ శుభ్రంగా ఉంటుందని పేరు. కంట్రిబ్యూటరు ‘నీళ్లు రాలే’ అని రాస్తే ‘నీరు అందలేదు’ అయ్యేది. ‘పోయిండు’ అంటే ‘వెళ్లాడు’. నేను జగిత్యాల వైపు పుట్టినవాణ్ని. ఇంట్లో నేనూ ‘పోయిండు’ అనే అంటాను. కానీ అచ్చులో ఆ మాట కనిపిస్తే నా చేతిలోని ఎర్ర పెన్ను దానంతటదే కదిలేది.

ఇంకో సంగతి చెప్పాలి. జిల్లా ఎడిషన్‌లో జోన్ పేజీలని ఉండేవి. బోధన్ పేజీ బోధన్ వైపు వెళ్లే ప్రతుల్లో మాత్రమే ఉంటుంది. అదే రోజు ఆర్మూర్ వైపు వెళ్లే ప్రతుల్లో ఆ స్థానంలో ఆర్మూర్ పేజీ ఉంటుంది. అందుకని కోటగిరి కాలువ సంగతి మోర్తాడ్ పసుపు రైతుకు తెలియదు. పక్క జిల్లా వాడికి అసలే తెలియదు. పాఠకుడికి తన ఊరి వార్త దగ్గర చేస్తున్నామని మేం గర్వపడేవాళ్లం. ఆ ఏర్పాటే వార్తకు కంచె అని నాకు తోచలేదు.

మరుసటి ఏడాది వానాకాలంలో ఒక ఉపకాలువ తూము విరిగి, చివరి ఊళ్లకు నీళ్లు ఆగిపోయాయి. నేను స్వయంగా వెళ్లి చూసి వార్త రాశాను. బోధన్ పేజీలో అడుగున సింగిల్ కాలమ్‌గా వచ్చింది. వారం తిరగకముందే తూము బాగుచేశారు. నా వార్తకే స్పందించారనుకుని, దాన్ని మళ్లీ వార్తగా రాద్దామని నీటిపారుదల శాఖ ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. ‘మా వార్తకు స్పందన’ అని అచ్చువేసుకోవడం మా వృత్తిలో చిన్న పండుగ.

ఇంజనీరు గారు మర్యాదస్తుడు. “మీ పేపర్లో వచ్చిందా? చూడలేదండీ. మస్కట్ నుంచి ఎవరో మా పైఅధికారికి ఫోన్ చేశారు. తర్వాత దుబాయ్ నుంచి ఇంకొకరు. బోధన్‌లో ఎవరో బ్లాగు రాస్తారట, అందులో చదివారట” అన్నాడు.

బ్లాగు అనే మాట అంతకుముందు విన్నాను. హైదరాబాదులో ఉద్యోగస్తులు తీరిక వేళల్లో కవిత్వం రాసుకునే చోటనుకున్నాను. ఆ మధ్యాహ్నమే బోధన్ బస్సెక్కాను.

బస్టాండుకు కొంచెం దూరంలో ఒక నెట్ సెంటర్. ముందు భాగంలో జిరాక్సు మిషన్, వెనక చెక్క పలకలతో విడదీసిన కంప్యూటర్లు. ఒక్కో అరలో ఒక ఆడమనిషి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని గల్ఫ్‌లో ఉన్న భర్తతోనో కొడుకుతోనో గట్టిగా మాట్లాడుతోంది. జిరాక్సు మిషన్ దగ్గర ఉన్నది శ్రీనివాస్. దుకాణం నడిపేది మాత్రం అతని భార్య రజిత. ముప్పై దాటి ఉంటుంది. పుట్టిల్లు మాక్లూర్, డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. నేనెవరో చెప్పగానే లేచి కుర్చీ తుడిచింది.

“కూసోండ్రి సార్. మీ పేపర్ మా ఇంట్ల ఏస్తరు. మా ఆయన సదువుతడు” అంది. తను చదువుతానని అనలేదు.

బ్లాగు పేరు ‘మంజీర గట్టు’. ఎలా మొదలైందని అడిగాను.

“ఈళ్లంత ఇక్కడికొచ్చి మాట్లాడుతరు గదా సార్. అవుతల దిక్కు నుంచి ఒకటే అడుగుడు. వాన పడ్డదా, కాలువ ఇడిసిండ్రా, ఎవరి బర్రె ఈనింది అని. ఈళ్లేమో పైసల ముచ్చట, పిల్లల ముచ్చట చెప్పేలోపల టైం అయిపోతది. గట్ల కాదని నేనే రోజు ఇంత రాసి పెడుతున్న. ఆడ చూస్కుంటరు.”

“భాష ఇట్లా ఉంటే ఎట్లా? బయటివాళ్లకు అర్థం కావాలి కదా” అన్నాను.

ఆమె నవ్వింది. “సార్, మీరు గూడ ఇప్పుడు ‘ఇట్లా ఉంటే ఎట్లా’ అన్నరు. పేపర్ల గట్ల రాస్తరా?”

ఆమె తెర మీద మూలన ఉన్న ఒక అంకెను వేలితో చూపించింది. అది ఆ పేజీని ఎంతమంది చూశారో లెక్కపెట్టే యంత్రం. ఆ అంకె మీద ఆమెకు అపారమైన మోజు. మాట్లాడుతూనే రెండుసార్లు దానివైపు చూసింది. మూడోసారి నేను చూశాను.

ఆ రోజు మొదలైనదాన్ని అసూయ అనడానికి నాకిప్పుడు మొహమాటం లేదు. నా మొదటి బైలైన్, అంటే వార్త మీద విలేకరి పేరు అచ్చుకావడం, ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు వచ్చింది. ఆమె పేరు ప్రతిరోజూ తలపైన ఉంటుంది. నా వార్త కింద ఏమీ ఉండదు, పక్కవాడి వార్త ఉంటుంది. ఆమె రాత కింద మనుషులు ఉంటారు. షార్జా నుంచి ఒకడు, ‘అక్కా, మా ఊరి వాగు ఫొటో పెట్టు’ అంటాడు. హైదరాబాదు నుంచి ఒకామె, ‘ఈ మాట మా నాయనమ్మ అనేది, మళ్లీ ఇప్పుడే విన్నా’ అంటుంది. గుంటూరు వైపు ఆయన ‘జెర అంటే ఏమిటండీ’ అని అడుగుతాడు. ఆమె చెప్పేలోపు సౌదీలో ఉన్న ఆర్మూర్ కుర్రాడు ‘కొంచెం’ అని చెప్పేస్తాడు. ఇరవై ఏళ్లలో నా రాతకు వచ్చిన జవాబుల్లో ఎక్కువభాగం ఖండనలే.

సాంకేతికంగా కూడా ఆమెదే పైచేయి. మా పత్రికకు వెబ్‌సైటు ఉండేది, కానీ దాని అక్షరాలు మా సొంత ఫాంటులో ఉండేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మా తెలుగంతా పిచ్చిగీతల్లా కనిపించేది. ఆమె యూనికోడ్‌లో రాసేది. ఏ దేశపు కంప్యూటర్‌లో తెరిచినా తెలుగు తెలుగులాగే ఉంటుంది. వెతికితే దొరుకుతుంది, కాపీ చేసి ఇంకొకరికి పంపవచ్చు.

నేను ఆమె పోస్టులను ఆఫీసులో ప్రింటు తీసి ఇంటికి తెచ్చుకునేవాణ్ని. ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దేవాణ్ని. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం సిద్ధంగా ఉంచుకున్నాను, ఈ మాధ్యమం మీద వ్యాసం రాస్తున్నానని. ఎవరూ అడగలేదు. ఒక ఆదివారం నా భార్య సరళ ఆ కాగితాలు తీసి చదువుతూ గట్టిగా నవ్వింది. ఆమెది మోర్తాడ్. పెళ్లైన నాటి నుంచి నా వార్తలు చదువుతోంది, ఏనాడూ అలా నవ్వలేదు. నవ్వాల్సిన వార్తలు నేనూ రాయలేదనుకోండి.

“గిదంత మా అవ్వ కూసోని ముచ్చట చెప్పినట్లే ఉన్నది. మంచిగున్నదాన్ని గిట్లెందుకు గీకిండ్రు?” అని అడిగింది.

తప్పులున్నాయన్నాను. ఆమె ఒక కాగితం కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, మళ్లీ మొదటి నుంచి చదివింది. నా గీతలను పట్టించుకోలేదు.

ఆ చలికాలం చెరుకు గానుగల కాలం. మిల్లుకు పోని చెరుకును రైతులు పొలంలోనే ఆడించి, పెద్ద పెనంలో రసం కాచి బెల్లం చేస్తారు. కోటగిరి దగ్గరి ఊళ్లో లింగన్న అనే రైతు గానుగ దగ్గరికి రజిత వెళ్లింది. వచ్చి ఇలా రాసింది:

‘మా దిక్కు బెల్లం తెల్లగ ఎట్లయితది ఎర్కేనా? పెనంల రసం ఉడుకుతుంటే మందు ఏస్తరు. నల్లగుంటే సారకు పోతదని ఆబ్కారోళ్లు పట్టుకుంటరు. తెల్లగుంటే షావుకారి కొంటడు. రైతు ఏం జేస్తడు? మందు ఏస్తడు. నేనైతె నల్లబెల్లమే తింట.’

నల్లబెల్లంతో నాటుసారా కాస్తారని ఆబ్కారీ వాళ్లు, అంటే ఎక్సైజ్ శాఖ, దాన్ని పట్టుకునేవారు. ఆమె మందు అన్నది హైడ్రోస్ అనే పొడిని. రసంలోని నలుపును అది విరుస్తుంది. ఎక్కువ వేస్తే ఒంటికి మంచిది కాదు, అందులో సందేహం లేదు. కానీ అది పురుగుల మందు కాదు. మన మాటల్లో మందు అంటే జబ్బుకు వేసేదీ, పైరుకు చల్లేదీ, సీసాలో తాగేదీ అన్నీ. ఎక్కడ ఏ మందో వినేవాడికి సందర్భం చెబుతుంది. మా బోధన్ వైపు వాళ్లెవరూ ఆ పోస్టును తప్పుగా అర్థం చేసుకోలేదు.

మంజీర నది అవతల, మహారాష్ట్రలోని బిలోలి తాలూకాలో విఠల్‌రావు అనే ఆయన ఉన్నాడు. తాతల కాలంలో ఇటు నుంచి వెళ్లిన నేత కుటుంబం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాడు. ఆయనకూ మరాఠీలో ఒక బ్లాగు ఉంది. ‘మంజీర గట్టు’లో నచ్చినవి మరాఠీ చేసి పెట్టేవాడు. రజిత దానికి సంతోషించేది. ఆ పోస్టు కూడా ఆయన మరాఠీ చేశాడు. మందు అన్నచోట ‘విష్’ అని రాశాడు. విషం. దాన్ని ఎవరో ప్రింటు తీసి, సరిహద్దు సంతలో ఒక అడితి దుకాణం గోడకు అంటించారు. అడితి అంటే సరుకును రైతు తరఫున అమ్మిపెట్టే దుకాణం. ఇటువైపు బెల్లంలో చాలాభాగం అక్కడికే వెళ్లేది.

కోటగిరి కంట్రిబ్యూటర్ సాయిలు నాకు ఫోన్ చేశాడు. “సార్, మన బెల్లం బండ్లు సాలూర వంతెన కాడి నుంచి వాపస్ వస్తున్నయి. బెల్లంల విషమున్నదని అవుతలోళ్లు ముట్టుకుంటలేరు. గా బోధన్ రజిత రాసిందట సార్, కంప్యూటర్ల.”

ఫోను పెట్టేసి లేచి నిలబడ్డాను. ఆనందం అంటే అదే. చొక్కా సర్దుకున్నాను. దారిలో బస్సులో కూర్చుని మొదటి పేరా మనసులో రాసేసుకున్నాను. అధికారి వివరణ లేకుండా, రెండో పక్షాన్ని అడగకుండా, నోటికొచ్చిన భాషలో రాస్తే ఏమవుతుందో లోకానికి తెలియాలి. అడగనివాళ్లకు కూడా తెలియాలి.

నేను వెళ్లేసరికి నెట్ సెంటర్ ముందు రైతులు గుమిగూడి ఉన్నారు. లోపల హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఆడవాళ్లు మాటలు ఆపి చూస్తున్నారు. లింగన్న అరవై దాటిన మనిషి. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, అరవకుండా మాట్లాడుతున్నాడు.

“బిడ్డా, నా పెనం కాడికి వచ్చినవు. నీకు ఉడుకుడుకు బెల్లం చేతుల పెట్టిన. తిన్నవు. విషమైతే నీకు పెడుతునా?”

“నేను విషమని రాయలే కాకా.”

“మరి నీ పేరే చెప్తుండ్రు కద ఆడ. ముద్దలు చెమ్మగిల్లుతున్నయి. ఇంకిన్ని దినాలైతే సార కాసేటోడు తప్ప ఎవడు కొనడు.”

శ్రీనివాస్ జిరాక్సు మిషన్ ఆపి, రజితకూ ఆ మనుషులకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. ఆమె అతన్ని పక్కకు జరిపి ఫోను తీసి విఠల్‌రావుకు కలిపింది. స్పీకరులో అందరికీ వినబడింది.

“తాయి, మందు అంటే మా ఊర్ల తాగి సచ్చే మందే. మొన్న గూడ ఒకడు మందు తాగి సచ్చిండు. ఇంకో మందు ఉంటదని నాకు ఎర్క లే” అన్నాడు ఆయన. తాయి అంటే మరాఠీలో అక్క.

ఫోను పెట్టేశాక నేను నోట్‌బుక్ తెరిచి వృత్తి ధర్మంగా అడిగాను. “మీ వివరణ ఏమిటి?”

ఆమె నా నోట్‌బుక్ వైపు చూసింది. “రాసుకోండ్రి సార్. మందు అని రాసి ఊకున్న. ఏం మందో రాయలే. నా పేజీ మంజీర దాటి పోతుందని నాకు ఎర్కే, దానికి నేను మురిసిన. అవుతలోడు ఎట్ల సదువుతడో సూస్కోలే” అంది.

ఇంత సూటిగా తప్పు ఒప్పుకున్నవాళ్లను నేను కలెక్టరేట్‌లో ఎన్నడూ చూడలేదు. ఆ వాక్యాన్ని రాసుకుంటూ నేను పోస్టు తీసేస్తారా అని అడిగాను. తీసేస్తే నా వార్తకు ఇంకా బలం వస్తుంది. ‘వివాదాస్పద రాతలు తొలగింపు’ అని ఉపశీర్షిక కూడా కుదురుతుంది.

“తీసేస్తే ఏం రాసిన్నో ఎట్ల తెలుస్తది? ఉన్నదాని మీదనే కొడుత” అంది. కంప్యూటర్ ముందు కూర్చుని, మందు అన్న ప్రతిచోటా ఆ మాట మీద అడ్డగీత పడేలా చేసి, పక్కన ‘హైడ్రోస్, తెల్లగ జేసే పొడి, పురుగుల మందు కాదు’ అని చేర్చింది. పైన పెద్ద అక్షరాల్లో తప్పు ఎట్లా జరిగిందో రాసింది. లింగన్న వెనక నిలబడి చదివించుకుని విన్నాడు. రెండు మాటలు మార్చమన్నాడు. మార్చింది. నేను చూస్తుండగానే మస్కట్ నుంచి ఎవరో కింద రాశారు, ‘సక్కగ జేసినవ్ అక్కా’ అని.

నేను ఆఫీసుకు వచ్చి వార్త రాశాను. రైతుల మాట, రజిత మాట, ఆహార తనిఖీ అధికారి మాట, అన్నీ పెట్టాను. సవరణ వేసిన సంగతీ రాశాను. వదిలేయాలనిపించలేదని అనను, కానీ ఎదురుగా జరిగినదాన్ని వదిలేయడం నాకు చేతకాదు. డెస్కు ఇన్‌చార్జి చాలా సంతోషించాడు. మర్నాడు బోధన్ పేజీలో బ్యానర్, అంటే పేజీ మొత్తం అడ్డంగా శీర్షిక. ‘బ్లాగు రాత... బెల్లం రైతుకు వాత’. ప్రాస బాగా కుదిరింది. సవరణ పేరా స్థలం చాలక ఎగిరిపోయింది. ఫొటో కింద లింగన్న పేరు లింగయ్య అయింది.

ఆ వారం సంతరోజున నేను కూడా అవతలికి వెళ్లాను. వార్తకు కొనసాగింపు రాయాలి, ఫాలో అప్ అంటాం. బస్సులో రజిత, లింగన్న, మరో ఇద్దరు రైతులు, అవతలివాళ్లకు నేరుగా చెప్పి అమ్ముకుందామని తెచ్చిన బెల్లం సంచులు. నా బ్యానర్ ఆమె చూసింది. “సార్, శీర్షిక మంచిగ కుదిరింది” అంది. సవరణ పేరా ఎలా ఎగిరిందో వంతెన దాకా వివరించాను. ఆమె కిటికీలోంచి నీళ్లవైపు చూస్తూ ఊఁ అంటూ విన్నది.

విఠల్‌రావు సంతలో ఎదురుచూస్తున్నాడు. సన్నగా, టోపీ పెట్టుకుని, చేతిలో కాగితాలతో. రజితను చూడగానే రెండు చేతులూ జోడించాడు. ఆమె చేసినట్టే తానూ మరాఠీలో విష్ అన్న మాటను కొట్టేసి, పైన వివరం రాసి ప్రింటు తెచ్చాడు. అడితి దుకాణం గోడ మీద పాత కాగితం ఇంకా ఉంది. పక్కన ఖాళీ ఉంటే అక్కడ అంటించబోయాడు. రజిత ఆపింది.

“పక్కకు కాదు గురూజీ. గదే జాగల, దాని మీదనే పెట్టుండ్రి. పాతదాని అంచు కనపడాలె.”

జనం మూగారు. విఠల్‌రావు మరాఠీలో చదివి వినిపించాడు. అడితి యజమాని ఏవేవో ప్రశ్నలు వేశాడు. విఠల్‌రావు తెలుగు చేశాడు. లింగన్న జవాబు చెప్పాడు, అది మళ్లీ మరాఠీ అయింది. ఎంత పొడి వేస్తారు, ఎప్పుడు వేస్తారు, వేయకపోతే ఏమవుతుంది. నేను నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డాను. ఒక భాష విని రెండోదాని కోసం ఎదురుచూస్తూ, ప్రతి ముక్కా ఆలస్యంగా రాసుకున్నాను. నా వృత్తి జీవితంలో ఒక బజారులో ఎవరికీ నాతో పని లేకపోవడం అదే మొదలు. మా పత్రిక ఇక్కడికి వస్తుందా అని విఠల్‌రావును అడిగాను.

“పల్లీల పొట్లం మీద వస్తది సార్. దొరికితే నేను సదువుత. ఈ సంతల సదివేటోన్ని నేనొక్కన్నే” అన్నాడు.

సరుకు మొత్తం అమ్ముడుపోలేదు. అడితి యజమాని తెల్లబెల్లం ముద్దను పక్కకు నెట్టాడు. విషం కాదని ఒప్పుకున్నాడు, కానీ పొడి వేసింది ఇక తన గిరాకీ కొనదన్నాడు. లింగన్న సంచీ అడుగున ఇంటికోసం చేసుకున్న నల్లబెల్లం ఉంది. అది కంటపడి యజమాని చూపించమన్నాడు. విరిచి నోట్లో వేసుకుని, “చాంగ్లా ఆహే, హే ఆణా” అన్నాడు. బాగుంది, ఇది తెమ్మని.

లింగన్న రజిత వైపు చూశాడు. “నల్లది తెమ్మంటుండు. ఇవుతల నల్లదంటే పట్టుకుంటరు, అవుతల నల్లదే కావాల్నంట. ఇగ నువ్వే రాయాలె బిడ్డా, ఆబ్కారోళ్లకు గూడ.”

ఆమె రాసింది. ఆ గానుగల కాలం ముగిసేలోపు నల్లబెల్లం వంతెన దాటడం మొదలైంది. ఆబ్కారీ వాళ్లతో గొడవలు పూర్తిగా పోలేదు. చెమ్మగిల్లిన తెల్లబెల్లం మాత్రం లింగన్నకు నష్టమే అయింది. దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

లింగన్న పేరు తప్పు పడినందుకు మేమూ సవరణ వేశాం. లోపలి పేజీలో, టెండరు ప్రకటనల పక్కన, రెండు వాక్యాలు. ఆయన దాన్ని చూడలేదు. నేనే వెళ్లి చూపించాల్సి వచ్చింది. కాగితం దూరంగా పట్టుకుని వెతికి, “గింత సిన్నగనా?” అన్నాడు.

దీని తర్వాత జరిగింది నేను ఊహించనిది. హైదరాబాదులో బ్లాగర్ల సమావేశానికి రజితను పిలిచారు. అక్కడ మా ఎడిటర్ గారు ఆమెను కలిశారు. జిల్లా ఎడిషన్‌లో వారం వారం ఒక కాలమ్ రాయమని అడిగారు. కాలమ్ అంటే పేరుతో, నిర్ణీత చోట వచ్చే శీర్షిక. అది నేను రెండుసార్లు అడిగి కాదనిపించుకున్నది. ఆదేశం నాకే వచ్చింది. ఆమె కాపీ నా ద్వారా వస్తుంది, ఒక్క అక్షరం దిద్దకూడదు.

మొదటి కాపీ వచ్చిన రోజు గుర్తుంది. మొదటి వాక్యంలోనే ‘పోయిండు’ ఉంది. పెన్ను మూత తీయలేదు. అలాగే డెస్కుకు పంపాను. వెయ్యడానికి వెనకాడిన సబ్ ఎడిటర్‌కు, ఎడిటర్ గారి ఆదేశమని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ వారం మా ఇంట్లో పేపరు మొదట సరళ తీసుకుంది.

కొన్ని నెలలు రాసి రజిత మానేసింది. ఎందుకని అడగడానికి బోధన్ వెళ్లాను. మానేయడం నాకు ఇష్టమే అయినా, కారణం తెలుసుకోవాలనిపించింది.

“మీ పేపర్ల రాస్తే ఎవ్వరు మాట్లాడుతలేరు సార్. బాయిల రాయి ఏసినట్లు. చప్పుడు గూడ వస్తలేదు. మీరు ఇన్నేండ్ల సంది ఎట్ల రాసిండ్రు సార్?” అంది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

ఉద్యోగం అన్నాను.

తర్వాత ఫోన్లలోనే అన్నీ వచ్చి నెట్ సెంటర్లు మూతపడ్డాయి. ఆమె దుకాణంలో ఇప్పుడు ఫొటో ఫ్రేములు అమ్ముతారని విన్నాను. బ్లాగు ఆగిపోయింది, కానీ పాత పోస్టులు ఇంకా తెరుచుకుంటాయి. బెల్లం పోస్టు అడ్డగీతలతో సహా ఉంది.

ఈ ఉదంతం నుంచి నేను నేర్చుకున్నది వృత్తికి సంబంధించినది. వార్త ఒక భాష దాటి ఇంకో భాషలోకి పోయాక, రాసినవాడు అనుకున్న అర్థం దానితోపాటు వెళ్లదు. రెండో పక్షం మాట తీసుకోవాలని మాకు నేర్పారు. నది అవతల చదివే మూడో పక్షం ఒకటుందని ఎవరూ నేర్పలేదు. అందుకే తప్పు ఎక్కడికి వెళ్లిందో సవరణ కూడా అక్కడికే, అదే చోటికి, అంతే పెద్ద అక్షరాల్లో వెళ్లాలి. అవసరమైతే మనిషి కూడా వెళ్లాలి. సవరణను తప్పు వచ్చిన పేజీలోనే వేద్దామని నేను మా సమావేశాల్లో చాలాసార్లు ప్రతిపాదించాను. పేజీ విలువ పడిపోతుందన్నారు. పదవీ విరమణ దాకా అది సాధించలేకపోయాను. ఆమెకు అది ఒక మధ్యాహ్నం పని. ఆమె పాఠకుల మీద నాకున్న అసూయ ఎప్పుడో తగ్గింది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ ఉంది.